పారాసారి కూలిన నాడు

కోనసీమకీ గుర్రానికీ పెద్దగా పొత్తు కుదరలేదు. అడుగడుక్కీ కాలువ, కాలువ దాటితే బోదె, బోదె దాటితే వరిచేను. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక కాలువల్లో పడవలు నడిచాయి, గట్ల మీద ఎడ్లబళ్లు నడిచాయి. డెక్క దిగబడిపోయే ఈ ఒండ్రుమట్టిలో గుర్రానికి చోటెక్కడ? అయినా ఇక్కడ గుర్రం పేరు పెట్టుకున్న అమ్మవారు ఉంది. అంతర్వేదిలో గుర్రాలక్క. స్థలపురాణం చెప్పేవాళ్లు అశ్వారూఢాంబిక అంటారు. రక్తవిలోచనుడి నెత్తురు బొట్టు నేల మీద పడితే చాలు, అందులోంచి మరో రాక్షసుడు లేస్తుంటే, ఆ నెత్తురు నేలని తాకకుండా నాలుక పరిచి పట్టిన తల్లి ఆవిడ. భీష్మ ఏకాదశికి రథమెక్కిన నరసింహస్వామి ఆవిడ గుడి దాకా వెళ్లి తోబుట్టువుకి చీర పెడతాడు.

గుర్రమెక్కిన అమ్మకి చీరా సారే అందాయి. ఆవిడని మోసిన గుర్రానికి ఏమిచ్చారో పురాణం చెప్పదు. మన కథలన్నిటి తీరూ అంతే, రౌతు పేరు మిగులుతుంది, గుర్రం పేరు మిగలదు. ఆ తీరు తప్పిన కథ నాకు తెలిసినంతలో ఒకటుంది. జంగాలు తంబురా మీటి, డక్కీలు వాయించి ఊరూరా చెప్పిన వీరగాథల్లో పల్నాటి కథ, బొబ్బిలి కథ, సర్వాయి పాపడి కథ ఉన్నట్టే దేసింగురాజు కథా ఉంది. అతను తెలుగువాడు కాదు, తమిళుడూ కాదు. బుందేల్‌ఖండ్ రాజపుత్రుడు, అసలు పేరు తేజ్‌సింగ్. చచ్చిపోయింది తమిళదేశంలో, చెంజి కోట కింద. చంపినవాళ్లలో మన వెంకటగిరి వాళ్లున్నారు. ఏడ్చి పాడుకున్నవాళ్లలోనూ మనవాళ్లున్నారు.

కథ ప్రకారం మొదలు ఢిల్లీలో. పాదుషా దగ్గరికి ఒక గుర్రం వచ్చింది. దాని పేరు పారాసారి. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే కింద పడేస్తోంది. దాన్ని లొంగదీసే మొనగాడెవడో తేల్చమని పాదుషా తన కింది దొరలకీ కోటదారులకీ కబురు పెట్టాడు. లొంగదీస్తే బహుమానం, లేకపోతే చెరసాల. చెంజి కోటని ఏలుతున్న దేసింగు తండ్రి వెళ్లాడు, ఓడాడు, చెరలో పడ్డాడు. కొడుకు చెంజిలో పెరిగి పెద్దవాడయ్యాడు. తండ్రి ఏడని తల్లిని నిలదీశాడు. జవాబు విన్న పూటే ఢిల్లీకి బయల్దేరాడు. పద్దెనిమిదేళ్లవాడు.

ఈ చోటికి వచ్చేసరికి పాడేవాళ్లు గొంతు పెంచుతారు, వినేవాళ్లు ముందుకి జరుగుతారు. నాకు మాత్రం ఆ గుర్రం దగ్గరే ఆగాలనిపిస్తుంది. సముద్రాలు దాటించి, సంతల్లో నిలబెట్టి, అగాడీ పిచ్చాడీ తాళ్లతో నాలుగు వైపులా బిగించి కట్టిన జంతువది. రోజుకో కొత్త మనిషి కొరడా పట్టుకుని వస్తాడు. అది తలొంచకపోతే పొగరుమోతు గుర్రమన్నారు. దక్షిణాదిలో యుద్ధగుర్రాల బతుకు అంతకుముందూ ఇంతకన్నా మెరుగ్గా లేదు. 13వ శతాబ్దిలో ఈ తీరమంతా చూసిపోయిన మార్కోపోలో, తమిళతీరపు మాబారు రాజులు ఏటేటా వేల గుర్రాలు కొంటారనీ, సాకడం తెలియక, వండిన అన్నమూ మాంసమూ పెట్టి చంపుకుంటారనీ రాశాడు. లాడాలు కొట్టేవాళ్లూ, గుర్రపు వైద్యులూ ఇటు రాకుండా వర్తకులే చూసుకుంటారని కూడా రాశాడు. గుర్రం చస్తేనే కదా ఇంకో గుర్రం అమ్ముడుపోయేది!

దేసింగు ఏంచేశాడు? తన ఇలవేల్పు రంగనాథుణ్ణి తలుచుకుని జీను మీదికి ఎగిరాడంటారు. పారాసారి నేల తాకకుండా పరిగెత్తిందంటారు. ఎంతసేపటికో, ఎంత దూరానికో గాని, గుర్రం అలిసింది, కుర్రాడు పడలేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. ఈ రౌతు మెత్తనివాడు కాడు, అలాగని కొట్టినవాడూ కాడు. ఆ ఒక్క సవారీతో తండ్రికి చెర విడిచింది, కొడుక్కి పెళ్లి కుదిరింది, గుర్రం వాళ్లింటిదైపోయింది. పారాసారి బతుకులో వెలుగున్న కాలం అదొక్కటే. చెంజికి తిరుగు ప్రయాణం, కోటలోని రాజగిరి కొండ మెట్ల కింద గుర్రపుశాల, ఉడకబెట్టిన ఉలవలు, పక్క కట్టుకొయ్యకి నీలవేణి. నీలవేణి మరో గుర్రం. దేసింగుకి ప్రాణమిత్రుడైన మహబత్ ఖాన్‌ది. రాజపుత్రుడూ ముసల్మానూ ఒకే కంచంలో తిన్నంత స్నేహంగా పెరిగారని కథ వాళ్లని మురిసిపోతూ చెబుతుంది.

చరిత్ర దగ్గరికి వస్తే ఈ వెలుగు అంత ఉండదు. చెంజి అప్పటికే రక్తం తాగిన కోట. శివాజీ కొడుకు రాజారాం అందులో తలదాచుకుంటే మొగలులు 1690 నుంచి ఎనిమిదేళ్లు చుట్టుముట్టి, 1698లో పట్టుకున్నారు. తరవాత ఔరంగజేబు ఆ కోటని తేజ్‌సింగ్ తండ్రి స్వరూప్‌సింగ్‌కి అప్పగించాడు. ముసలాయన ఏళ్ల తరబడి కప్పం కట్టలేదు. 1714లో చనిపోయేనాటికి బాకీ డెబ్బై లక్షలని లెక్క చెబుతారు. తండ్రి పోయాడని విని కొడుకు చెంజి గద్దె ఎక్కాడు. ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ ఒప్పుకోలేదు. ఔరంగజేబు ఇచ్చిన ఫర్మానా చూపించాడు దేసింగు. ఔరంగజేబు పోయి ఏడేళ్లయింది, ఢిల్లీలో ఇప్పుడు ఫరుఖ్‌సియర్ ఉన్నాడు, కొత్త ఫర్మానా తెచ్చుకో, ముందు బాకీ కట్టు, అన్నాడు నవాబు. న్యాయంగా చూస్తే నవాబు మాటలో తప్పు పట్టడానికి లేదు. ఇది చెప్పడం కథ వినేవాళ్లకి నచ్చదు గాని, నవాబు రాక్షసుడు కాడు. తోడర్‌మల్‌ని రాయబారం పంపి నచ్చజెప్పించాడు కూడా. ఇరవై రెండేళ్ల వాడికి రాయబారాలు రుచించవు.

పారాసారికి ఈ డెబ్బై లక్షల సంగతి తెలియదు. ఫర్మానా తెలియదు. ఫరుఖ్‌సియర్ తెలియదు.

యుద్ధం నిశ్చయమయ్యాక దేసింగు సింగవరం కొండ మీద పవళించిన రంగనాథుడి దగ్గరికి వెళ్లాడు. ఇవాళ వద్దు అన్నాడట స్వామి. వెళ్తానన్నాడు. స్వామి మొహం పక్కకి తిప్పేసుకున్నాడట. ఆ విగ్రహం తల తిరిగి ఉండడానికి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పే కారణం ఇదే. అక్కణ్ణించి అంతఃపురానికి. ఢిల్లీలో పెళ్లయిందన్న మాటే గాని, ఆ దంపతులింకా ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదని కథ. తెర కట్టి, తెరకి అటు ఆమె, ఇటు ఇతను. సెలవడిగాడు, ఆమె ఇచ్చింది. అటు వళుదావూరులో మహబత్ ఖాన్ పెళ్లిపీటల మీద ఉన్నాడు. స్నేహితుడి చీటీ అందింది. పెళ్లికూతుర్ని అలాగే వదిలి నీలవేణి ఎక్కాడు.

దేవుడు వద్దన్నాడు, తెర వెనక ఇల్లాలు కళ్ల నీళ్లు పెట్టుకునే ఉంటుంది, నవాబు రాయబారి బతిమాలాడు. అడ్డు చెప్పనిది ఒక్క గుర్రమే. దానికి అడ్డు చెప్పే అలవాటు ఢిల్లీలోనే మాన్పించారు.

1714 అక్టోబరు 3. చెంజి పక్కన పారే ఏరు శంకరాభరణి, వరాహనది అనీ అంటారు, వరదలో ఉంది. అవతలి గట్టున నవాబు సేన. కథలో ఆ సేన వేలూ లక్షలూ అవుతుంది, పాడేవాడి ఊపుని బట్టి. దేసింగు వైపు మాత్రం 350 మంది రౌతులనీ, కొద్దిపాటి కాల్బలమనీ చెబుతారు. నీరు తీసేదాకా ఆగితే పోయేది. ఆగలేదు. గుర్రాన్ని వరదలోకి దించాడు.

వరద గోదాట్లో పశువుని లంకలోంచి ఈదించి ఒడ్డుకి చేర్చిన మనిషెవరినైనా అడగండి. పశువు తనంతట తాను ఆ నీళ్లలో దిగదు. ఎర్రనీళ్లు చూసి ముట్టె ఎత్తి వెనక్కే లాగుతుంది. దిగిందంటే వెనకున్న మనిషి గొంతు విని దిగుతుంది, వాడి మీద నమ్మకంతో దిగుతుంది. పారాసారి అలాగే దిగింది. ఒకప్పుడు ఎవరినీ వీపు మీద నిలవనివ్వని గుర్రం, తల మాత్రం పైకి పెట్టి, సుడుల్లోంచి తన రౌతుని అవతల గట్టెక్కించింది. వెనక వచ్చినవాళ్లలో చాలామంది గుర్రాలు వెనుదిరిగాయి. కొన్ని కొట్టుకుపోయాయి. గట్టెక్కినవి కొన్నే.

ఎవరు దయగలవాళ్లు, ఎవరు క్రూరులు అని ఈ కథలో లెక్క తీస్తే నాకు ఇక్కడ చిక్కు వస్తుంది. చెర వేసిన పాదుషా గుర్రాన్ని పందెంగా పెట్టాడు, అది క్రూరమే. అయినా దాని ప్రాణానికి ముప్పు తేలేదు. మెడ నిమిరి, పేరు పెట్టి పిలిచి, చేత్తో ఉలవలు తినిపించినవాడే దాన్ని గెలవని యుద్ధానికి వరద మీదుగా తోలుకెళ్లాడు. కొట్టేవాడి చేతిలో అయితే పారాసారి బతికేదేమో. వాణ్ణి ఏట్లోనే పడేసి వెనక్కి వచ్చేది.

ఆ తరవాతంతా తొందరగా జరిగిపోయింది. నవాబు సర్దారు దౌలత్ ఖాన్ దేసింగు చేతిలో పడ్డాడు. మహబత్ ఖాన్ నేలకొరిగాడు. పెళ్లి బట్టల్లోనే పడ్డాడని పాడతారు. నీలవేణి గతి కూడా అంతే. దేసింగు ఇక మిగిలిన కొద్దిమందినీ చూసుకోలేదు, ఏనుగు అంబారీ మీద కూర్చున్న మనిషి మీదికి గుర్రాన్ని దూకించాడు. ఆ మనిషే నవాబు అనుకున్నాడట. కాదు. నవాబుకి సాయం వచ్చిన వెంకటగిరి దొర, వెలుగోటి బంగారు యాచమ నాయుడు. గుర్రం ముందుకాళ్లెత్తి ఏనుగు మీదికి లేచిందని చెప్పుకునేది ఆ క్షణం గురించే. తెలుగునేల మీద దేసింగు కథ చెప్పేటప్పుడు యాచమ నాయుడి ఊసు తేలిగ్గా దాటేస్తారు. ఎందుకు దాటేస్తారో ఊహించడం కష్టం కాదు.

గుర్రాన్ని కాళ్ల మీద కొట్టారు. ఎదురు నిలబడి రౌతుని పడగొట్టలేనివాళ్లు చేసే పని అదే, ఏ యుద్ధంలోనైనా. వెనక కాళ్ల నరాలు తెగిన గుర్రం ఇక లేవదు. చనిపోవడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. దేసింగు జీను మీంచి దిగి, దాని పక్కనే నేల మీద నిలబడి కత్తి దూశాడు. చరిత్ర రాసినవాళ్లు అతను తుపాకిగుండు తగిలి పడ్డాడన్నారు. పాటగాళ్లకి ఆ చావు చాల్లేదు. స్నేహితుడూ గుర్రమూ పోయాక బతకడం ఇష్టంలేక, కత్తిని ఆకాశంలోకి విసిరి, అది దిగే చోట రొమ్ము పరిచి పడుకున్నాడని పాడారు. నాకు తుపాకిగుండే నిజమనిపిస్తుంది. పాటే ఎక్కువ గుర్తుంటుంది.

నవాబు అతని శవాన్ని మర్యాదగా దహనం చేయించాడు. భార్య చితి ఎక్కింది. తెర లేకుండా భర్త మొహాన్ని ఆమె చూసింది ఆ పూటేనని చెబుతుంటే పందిట్లో ఆడవాళ్లు కళ్లొత్తుకోకుండా ఉండరు. ఆర్కాటుకి ఎదురుగా, పాలారు గట్టున ఉన్న రాణిపేట ఆమె పేరునే వెలిసిందంటారు. కోటకి కొంత దూరంలో నీలంపూండి దగ్గర మహబత్ ఖాన్ సమాధి ఉంది. దాని పక్కనే గుర్రానికీ సమాధి ఉంది. అది ఏ గుర్రానిదో చెప్పేవాళ్లు రెండు రకాలుగా చెబుతారు, నీలవేణిదని కొందరు, దేసింగు గుర్రానిదని కొందరు. ఎవరిదైతేనేం, ఓడిన పక్షపు గుర్రానికి గొయ్యి తవ్వి, మట్టి పోసి, గుర్తు నిలిపిన చేతులు కొన్ని ఉన్నాయి. ఆ చేతులెవరివో కథ చెప్పలేదు. యుద్ధంలో గెలిచిన వీరుల పట్టికలో ఉండే పేర్లయితే కావు.

ఏడాదైనా నిండని దొరతనం దేసింగుది. అతను ప్రాణమిచ్చిన ఆ కోట ఆ తరవాతా చేతులు మారింది. 1750లో బుస్సీ అనే ఫ్రెంచి సేనాని దాన్ని ఒక్క రాత్రిలో పట్టుకున్నాడు. 1761లో ఇంగ్లీషువాళ్ల పాలైంది, ఆ పైన వాళ్లకీ దానితో పనిలేకపోయింది. ఇప్పుడు సందర్శకులు ఎక్కి దిగే ఆ బురుజుల్ని 2025 జులైలో యునెస్కో మరాఠా కోటలతోపాటు ప్రపంచ వారసత్వ జాబితాలో కలిపింది. బుస్సీ మాత్రం అక్కడ ఆగలేదు. 1753లో నిజాం చేతినుంచి సర్కారు జిల్లాలు ఫ్రెంచివాళ్ల పరమయ్యాయి. రాజమహేంద్రవరం సర్కారూ, దాని కిందున్న మా కోనసీమ లంకలూ వాటితోపాటే వెళ్లాయి. కప్పాలు వసూలు చేసుకుంటూ బుస్సీ ఇటే వచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు ఫిరంగులు దించాడు. ఆ కథ పాడేదీ ఈ తంబురా వాళ్లే.