మంచు మీద దిగే బుల్లి విమానాలు

 

బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్లు ఈ సంచికలో చాలామందే ఉంటారు. అందుకని నాకు కాస్త దగ్గరగా తెలిసిన ఒక చిన్న విషయం చరిత్ర రాస్తున్నాను. గడ్డకట్టిన సరస్సుల మీద, స్కీలు కట్టిన రేడియో కంట్రోల్ విమానాలను ఎగరేసే ఆట ఇది. ఉద్యోగరీత్యా అమెరికాలోని మినెసోటా రాష్ట్రానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడ చలికాలం అయిదు నెలలు. ఆ అయిదు నెలలూ ఇంట్లో కూర్చోకుండా నన్ను బయటికి లాగింది ఈ ఆటే.

ముందుగా మంచు గురించి ఒక మాట. మన వైపు మంచు అంటే సంక్రాంతి రోజుల్లో పొలాల మీద కమ్ముకునేది, ఎండ పొడిస్తే విడిపోయేది. ఇక్కడి మంచు దూదిలా రాలి మోకాలి లోతున పేరుకుంటుంది. దాని కింద సరస్సు నీరు గడ్డకట్టి బండలా అవుతుంది. ఆ గడ్డ నాలుగు అంగుళాల మందం ఉంటే మనిషి నడవవచ్చని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. జనవరి చివరికి చాలా సరస్సుల మీద కార్లు కూడా తిరుగుతాయి. చెట్లూ, కరెంటు తీగలూ, ఇళ్లూ అడ్డు లేని అంతటి మైదానం వేసవిలో ఎక్కడా దొరకదు. అయితే ఆ మంచులో చక్రాలు దిగబడిపోతాయి. అందుకే స్కీలు.

బొమ్మ విమానాలంటే అసలు విమానాలకు నకళ్లనుకుంటాం. చరిత్రలో మాత్రం బొమ్మే ముందు పుట్టింది. 1871లో ఫ్రాన్సు దేశస్థుడు అల్ఫాన్స్ పెనో రబ్బరు మెలికతో తిరిగే చిన్న విమానాన్ని పారిస్‌లోని ఒక తోటలో ఎగరేశాడు. అది సుమారు 40 మీటర్లు వెళ్లింది. 1878లో రైట్ సోదరులకు వాళ్ల నాన్న తెచ్చి ఇచ్చిన ఎగిరే బొమ్మ కూడా పెనో పద్ధతిలో చేసిందే. ఆ పిల్లలు పాతికేళ్ల తర్వాత 1903లో ఏం చేశారో మనం పాఠాల్లో చదువుకున్నాం.

రేడియోతో నడిపే విమానానికి ఇంకా సమయం పట్టింది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులుండేవారు. ఒకరిది విమానాల పిచ్చి, ఇంకొకరిది హామ్ రేడియో పిచ్చి. ఇద్దరూ కలిసి 1937లో ఎనిమిది అడుగుల రెక్కల విమానాన్ని రేడియోతో నడిపి చూపించారు. దాని పేరు గఫ్. అప్పటికి వాళ్ల వయసు ఇరవై దాటిందంతే. ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం వారి దగ్గర ఉంది.

ఆ రోజుల్లో ఈ ఆట ఆడాలంటే హామ్ లైసెన్సు పరీక్ష పాస్ కావాలి. 1950లలో 27 మెగాహెర్ట్జ్ దగ్గర పరీక్ష అక్కర్లేని చానల్ ఇచ్చాక ఆట సామాన్యుల చేతికొచ్చింది. మొదట్లో చాలా విమానాలకు తోక దగ్గరి చుక్కాని ఒక్కటే కదిలేది. 1960లలో పుల్లను ఎంత కదిపితే రెక్క అంతే కదిలే పద్ధతి వచ్చింది. అప్పటికీ ఒక తంటా ఉండేది. ఒకే చానల్ మీద ఇద్దరు రేడియో వేస్తే విమానం కూలినట్టే. అందుకని మైదానంలో ఒక బోర్డు, దాని మీద చానళ్ల నంబర్లు వేసిన బట్టల క్లిప్పులు ఉండేవి. క్లిప్పు చేతికొస్తేనే రేడియో వేయాలి. సుమారు ఇరవై ఏళ్ల కిందట 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఆ బోర్డు అవసరం తీరిపోయింది.

ఇక స్కీల సంగతి. ఇక్కడ మాత్రం బొమ్మలు అసలు విమానాల దగ్గరే నేర్చుకున్నాయి. 1924 ఫిబ్రవరిలో అలాస్కాలో కార్ల్ బెన్ ఐల్సన్ స్కీల విమానంలో ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కు టపా మోశాడు. కుక్కల బండికి వారాలు పట్టే ఆ దారిని మూడు గంటల్లోపే దాటాడు. 1928 ఏప్రిల్‌లో అదే ఐల్సన్, హ్యూబర్ట్ విల్కిన్స్‌తో కలిసి అలాస్కా నుంచి ఉత్తర ధ్రువ సముద్రం మీదుగా స్పిట్స్‌బెర్గెన్ దీవుల వైపు ఎగిరాడు. తుఫాను వల్ల దారిలో ఒక చిన్న దీవి మీద దిగి రోజుల తరబడి చిక్కుకుపోయారు. తిరిగి లేవాలంటే స్కీలు కదలవు. విల్కిన్స్ దిగి తోశాడు. విమానం కదిలి లేచిపోయింది, ఆయన కిందే ఉండిపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారికి ఎలాగో ఎక్కగలిగాడు.

1956 అక్టోబరు 31న అమెరికా నౌకాదళం వారి స్కీల విమానం దక్షిణ ధ్రువం మీద దిగింది. ధ్రువం మీద విమానం దిగడం అదే మొదటిసారి. దాని పేరు ‘కే సెరా సెరా’. అక్కడి చలి సున్నాకు సుమారు 50 డిగ్రీల దిగువన. గంట లోపే తిరిగి బయల్దేరబోతే స్కీలు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. బిగించుకెళ్లిన 15 రాకెట్లను మండిస్తే గానీ విమానం లేవలేదు.

ఎందుకిలా జరుగుతుంది? స్కీ జారేటప్పుడు రాపిడి వేడికి అడుగున సన్నని నీటి పొర ఏర్పడుతుంది. జారుడుకు ఆ పొరే సాయం. విమానం ఆగితే అదే పొర గడ్డకట్టి జిగురవుతుంది. మా సరస్సు మీద రెండు కిలోల విమానానికైనా ఇదే సూత్రం. దిగిన విమానాన్ని ఊరికే నిలబెట్టం. చేతిలోకి తీసుకుంటాం, లేదా కింద అట్టముక్క వేస్తాం.

గాలిలో ఉన్నప్పటి కష్టం ఇంకొకటి. స్కీ ఒక ఇరుసు మీద పైకీ కిందికీ ఆడాలి, లేకపోతే ఎత్తుపల్లాల మీద విరుగుతుంది. కానీ గాలిలో అలా వదిలేస్తే ఎదురుగాలికి స్కీ ముక్కు కిందికి వాలుతుంది. ఒక్కసారి వాలిందా, అది పలకలా గాలికి అడ్డం పడి విమానాన్ని నేలవైపు లాగేస్తుంది. అందుకని ప్రతి స్కీకీ మూడు తాళ్లు. ముందు వైపు సాగే తాడు ముక్కును పైకి పట్టుకుంటుంది. వెనక వైపు సాగని తాడు ముక్కు మరీ పైకి లేవకుండా ఆపుతుంది. మూడోది కూడా ముందే, సాగనిది. సాగే తాడు తెగితే ముక్కు వాలిపోకుండా కాసేది అదే. గట్టి చలికి రబ్బరు బిగుసుకుపోయి సాగదు కాబట్టి కొందరు దాని బదులు స్ప్రింగు వాడతారు. పెద్ద విమానాల స్కీలకూ ఇదే ఏర్పాటు. ఒక తాడు తెగినా ప్రాణం పోకూడదనే ఆలోచన అందులో ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలో ఫెయిల్ సేఫ్ అన్న మాట చదువుకున్నాను, ఈ మూడో తాడు కట్టినప్పుడు అది చేతికి తెలిసింది.

ఇంట్లో చేసుకునే స్కీ పల్చని ప్లైవుడ్‌ది. ముక్కు భాగాన్ని వేడినీళ్లలో నానబెట్టి మెల్లగా వంచి, ఆరేదాకా అచ్చుకు కట్టి ఉంచాలి. అడుగున నిలువుగా సన్నని పట్టీ అతికిస్తే విమానం పక్కకు జారకుండా తిన్నగా పోతుంది. విమానం ఒళ్లు బాల్సా చెక్క. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి మన వాళ్లకు తెలుసు. బాల్సా దానికంటే కూడా తేలిక.

చలి వల్ల లాభమూ ఉంది. మన మే నెల 40 డిగ్రీల గాలి కంటే సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్న గాలి దాదాపు 24 శాతం చిక్కన. రెక్క కింద అంత గట్టి ఊతం దొరుకుతుంది కాబట్టి విమానం సుమారు పదో వంతు తక్కువ వేగంతోనే దిగగలదు. నష్టాలూ ఉన్నాయి. లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది. వేసవిలో ఎనిమిది నిమిషాలు ఎగిరేది అయిదు నిమిషాలకే నీరసిస్తుంది. ఎగరేసే దాకా బ్యాటరీని కోటు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచుకుంటాం. మబ్బు పట్టిన రోజున తెల్లని నేలకూ తెల్లని ఆకాశానికీ తేడా తెలియదు. విమానం ఎంత ఎత్తులో ఉందో కంటికి అందదు. అందుకే ఇక్కడి విమానాలకు నారింజ, ఎరుపు రంగులు పూస్తారు.

ఇవన్నీ నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా క్లబ్బులో ఒక రిటైరైన మెషినిస్టు ఉండేవారు, మా నాన్నగారి ఈడు. కొత్త సంవత్సరం రోజున అందరూ సరస్సు మీద చేరినప్పుడు, నా విమానాన్ని తిప్పి చూసి, మాట్లాడకుండా తన జేబులోంచి దారం తీసి ఆ మూడో తాడు కట్టారు. తర్వాత ఎందుకో చెప్పారు. ఆయనకు అలా చూపించిన వాళ్లు ఇంకెవరో ఉండి ఉంటారు.

ఇప్పుడు ఆ వరస తెగే ప్రమాదం రెండు వైపుల నుంచీ వస్తోంది. ఒకటి మంచు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని మెండోటా సరస్సుకు 1850ల నుంచీ లెక్కలున్నాయి. ఆ రోజుల్లో ఏటా సుమారు నాలుగు నెలలు గడ్డకట్టి ఉండేది, ఇప్పుడు మూడు నెలలకు అటూ ఇటూ. 2023-24 చలికాలం మినెసోటాలో రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. ఆ ఏడు మేం గడ్డకు రంధ్రం చేసి మందం కొలవడం, వెనక్కి తిరిగి రావడం, ఇదే పని. రెండోది డబ్బాలో వచ్చే తయారు విమానం. కొన్న గంటలో ఎగురుతుంది, విరిగితే పారేస్తారు. దాన్ని తప్పుపట్టను, పిల్లలు దానితోనే మొదలుపెడుతున్నారు. కానీ తాడు ఎందుకు కట్టాలో తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. మంచు తగ్గడం మా క్లబ్బు ఆపగలిగింది కాదు. చేతిపని మరిచిపోవడాన్ని మాత్రం ఆపవచ్చు.

అందుకే మన సంఘానికి ఒక విన్నపం. మనం చదివే రోజుల్లో వారానికి రెండు క్రాఫ్ట్ పీరియడ్లు ఉండేవి. రంపం పట్టడం, చీవి పట్టడం, ఆకురాయి వేయడం నేను అక్కడే నేర్చుకున్నాను. క్రాఫ్ట్ మాస్టారు రిటైరయ్యాక ఆ గది సామాన్ల గది అయిందని విన్నాను. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగంతో ఆ గది మళ్లీ తెరిపిద్దాం. నాలుగు పనిబల్లలు, చేతి పనిముట్లు, పల్చని చెక్క, జిగురు, రబ్బరు దారం చాలు. పెనో విమానానికి అంతకంటే ఎక్కువ అవసరం లేకపోయింది. వడ్రంగం తెలిసిన పెద్దలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, నెలకో శనివారం వచ్చి చూపించమంటే కాదనరు. మొదటి ఏడాది సామగ్రి ఖర్చు నేను పెట్టుకుంటాను. సెలవుకు వచ్చినప్పుడు పిల్లలతో కూర్చుంటాను కూడా.

మన మైదానానికి స్కీలతో పనిలేదు. వానలు కురిసే నెలలు తప్ప ఏడాదంతా ఎగరేసుకోవచ్చు.

— 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, మినియాపోలిస్