గాజుపలకల బరువు

1861వ సంవత్సరపు వేసవిలో కార్ల్‌టన్ వాట్కిన్స్ అను ఛాయాచిత్రకారుడు శాన్ ఫ్రాన్సిస్కో నుండి యోసెమిటీ లోయకు ప్రయాణమైనప్పుడు, కంచరగాడిదల వీపులపై కెత్తిన సామానులో అన్నిటికంటె భయపెట్టునది గాజు. ఆ లోయకు బండిదారి 1874లో గాని పడలేదు. అంతవరకు కొండలెక్కి దిగుటకు ఇరుకైన బాటలే శరణ్యము. అట్టి బాటలపై 18 అంగుళముల వెడల్పును 22 అంగుళముల పొడవును గల పలకలను పగులనీయక నడిపించుకొనిపోవుటయే ఒక విద్య.

అంత పెద్ద పలక యెందుకని పాఠకునికి తోచవచ్చును. చిన్న ప్రతిని పెద్దది చేయు సదుపాయము ఆనాడు లేనట్లే. పలకపై కాగితము నదిమి ఎండలో నుంచగా దిగు చిత్రము పలకంతయే యుండును. మూడువేల అడుగుల ఎల్ కాపిటాన్ శిలను దాని గాంభీర్యమునకు తగినట్లు చూపవలెనన్నచో కెమెరాయే పెద్దది కావలెను. ఇక పనిలోని తొందర వేరు: పలకపై కొలోడియన్ ద్రవమును సమముగా పారించి, చీకటి డేరాలో సిల్వర్ నైట్రేటు తొట్టిలో ముంచి, తడి యారకమునుపే కెమెరాలో నమర్చి వెలుగు చూపి, మరల డేరాలోనికి పోయి మందునీటితో కడుగవలెను. ఇదంతయు కొద్ది నిమిషములలో, కొండచరియమీద. అట్లు ఆయన ఆ యేట తీసిన పెద్ద చిత్రములు సుమారు 30.

ఆ చిత్రములు 1862లో న్యూయార్కులోని గూపిల్ చిత్రశాలలో ప్రదర్శింపబడెను. అటుపై రెండేండ్లకు, కాలిఫోర్నియా సెనేటరు జాన్ కానెస్ ప్రతిపాదించిన శాసనముపై అధ్యక్షుడు లింకను 1864 జూన్ 30న సంతకము చేయగా, అంతర్యుద్ధము సాగుచుండగనే ఆ లోయ ప్రజల విహారార్థము రాష్ట్రమునకు అప్పగింపబడెను. అయితే ఆ చిత్రములలోని నిర్జనత్వము లోయకు పుట్టుకతో వచ్చినది కాదు. దానిని అహ్వానీ యని పిలుచుకొన్న అహ్వానీచీ జనులను మారిపోసా దండు 1851లో తరిమివేసినది. వాట్కిన్స్ అద్దము చూపిన ప్రశాంతి వెనుక ఆ పదేండ్లనాటి కథ యున్నది. దానిని చూపగల పలక యేదియు లేదు.

లోకమునకు లోయను చూపిన వానికి లక్ష్మి మాత్రము నిలువలేదు. 1870ల నడుమ అప్పులలో మునిగి చిత్రశాలను, పలకలను పరుల పాలు చేసికొని, పట్టుదలతో మరల ఆ కొండలెక్కి తన దృశ్యములను తానే తిరిగి తీసెను. చూపు మందగించిన వార్ధక్యమున, 1906 నాటి భూకంపమును వెంటనంటిన అగ్నియు ఆయన కార్యశాలను బూడిద చేసినవి. ఆ భూకంపపు మలి ప్రకంపనమున అదే నగరములో నాలుగేండ్ల బాలు డొకడు తోటగోడకు కొట్టుకొని ముక్కు విరుగగొట్టుకొనెను. అతడే పిమ్మట ఛాయాచిత్రకారుడుగా పేరొందిన ఆన్సెల్ ఆడమ్స్. 1916లో వాట్కిన్స్ నేపా వైద్యశాలలో కన్నుమూసిన యేడే, ఆ పిల్లవాడు మొదటిసారి యోసెమిటీలో అడుగుపెట్టి, తలిదండ్రులిచ్చిన బ్రౌనీ పెట్టెకెమెరాను చేతబట్టెను. విధి యనుటకు నాకు ధైర్యము చాలదు గాని, కాకతాళీయమని త్రోసిపుచ్చుటకును మనసొప్పదు.

పొడిపలకలు వచ్చి డేరా బాధ తీరినను గాజు బరువు తీరలేదు. 1927 ఏప్రిల్ 10న ఆడమ్స్, కాబోయే భార్య వర్జీనియాయు మిత్రులును తోడురాగా, మంచు తొక్కుచు హాఫ్ డోము పడమటి భుజమునకు, డైవింగ్ బోర్డను రాతిచూరు కడకు ఎక్కినప్పుడు, ముడుపు మూటతో కొండమెట్లెక్కు భక్తునివలె 12 పలకలను మోసికొని పోయెను. అసలు దృశ్యము ఎదుటికి వచ్చునప్పటికి మిగిలినవి రెండే. మధ్యాహ్నపు వెలుగు శిలాముఖమును తాకువరకు వేచి, పసుపు ఫిల్టరుతో ఒకటి తీసి, ఆకాశము తాననుభవించినంత గంభీరముగా రాదని తోచి, చివరి పలకకు ఎర్ర ఫిల్టరు తొడిగెను. నీలి వెలుగునకే ఎక్కువగా చలించు తడిపలకలపై వాట్కిన్స్ ఆకాశములు తెల్లగా, శూన్యముగా మిగిలిపోయినవి. ఆడమ్స్ ఆకాశము కాటుకవలె నల్లబడి శిలను ముందుకు నెట్టినది. ‘మోనోలిత్’ అను ఆ చిత్రము నుండియే ఆయన కీర్తి మొదలైనదని చెప్పుట అతిశయోక్తి కాదు.

యోసెమిటీకి పోవు తెలుగువారు మిర్రర్ లేక్ దాక నడచినప్పుడు, తలపై నిలిచిన హాఫ్ డోమును ఫోటో తీసికొనిన పిమ్మట, టెనాయా లోయ కావలిగట్టున నున్న శిఖరమునుగూడ ఒక్కమారు చూడుడు. దాని పేరు మౌంట్ వాట్కిన్స్.