చేతికర్ర నుంచి నడుంపట్టీ దాకా: ఇంద్రియ ప్రత్యామ్నాయ పరికరాల చరిత్రలో అభ్యాసం

వ్యాససంగ్రహం: ఒక ఇంద్రియం అందించలేని సమాచారాన్ని మరొక ఇంద్రియం ద్వారా అందించే సాధనాలను ఇంద్రియ ప్రత్యామ్నాయ పరికరాలు అంటారు. వీటి చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానే చెప్పడం కనిపిస్తుంది. వాటిని వాడినవారి అభ్యాసం వైపు నుంచి ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్పర్శ, దృష్టి, చలనం, అభ్యాసం, చేతికర్ర, బాక్-ఇ-రీటా.

1. ఉపోద్ఘాతం

ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1637లో వెలువరించిన కాంతిశాస్త్ర గ్రంథంలో, చీకటిలో కర్ర సాయంతో ఎగుడుదిగుడు నేలపై నడిచే మనిషిని ఉదాహరణగా తీసుకున్నాడు. అలవాటు లేనివారికి కర్ర ద్వారా కలిగే జ్ఞానం అస్పష్టంగా ఉంటుందనీ, పుట్టుకతో అంధులై జీవితమంతా దానిని వాడినవారు మాత్రం చేతులతోనే చూస్తున్నారని చెప్పదగినంత నేర్పు సాధిస్తారనీ ఆయన గమనించాడు. కర్ర ఇద్దరికీ ఒక్కటే. తేడా అంతా అభ్యాసంలోనే ఉంది. తరువాతి మూడున్నర శతాబ్దాల పరిశోధన ఈ చిన్న పరిశీలన దగ్గరికే పలుమార్లు తిరిగి వచ్చింది.

2. కర్రకు శిక్షణ తోడైన కాలం

రెండవ ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన అమెరికన్ సైనికులకు పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక వైద్యశాలలో పునరావాస శిక్షణ ఇచ్చారు. అక్కడ రిచర్డ్ హూవర్ పొడవైన, తేలికైన కర్రను వాడే పద్ధతిని రూపొందించాడు. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన ఎడమవైపు నేలను తాకుతుంది. అంటే, తరువాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందుగా పరీక్షిస్తుంది. ఇందులో కొత్త యంత్రమేదీ లేదు. నడకను, చేతి కదలికను ఒకే లయలోకి తెచ్చిన శిక్షణే ఇక్కడి ఆవిష్కరణ. అంధుల సంచార శిక్షణ ఒక వృత్తిగా ఎదగడానికి ఈ పద్ధతి పునాది అయింది.

3. వీపు మీది చిత్రం

1969లో పాల్ బాక్-ఇ-రీటా, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. దంతవైద్యుల కుర్చీ వీపుభాగంలో 20 వరుసలు, వరుసకు 20 చొప్పున 400 కంపన బిందువులను అమర్చారు. టెలివిజన్ కెమెరా పట్టిన చిత్రం ఆ బిందువుల కంపనాలుగా మారి, కూర్చున్నవారి వీపును తాకేది. ఈ బృందంలో స్వయంగా అంధుడైన లారెన్స్ స్కాడెన్ కూడా పరిశోధకుడిగా ఉండటం గమనార్హం.

ఈ ప్రయోగాల్లో తేలిన ముఖ్యాంశం కెమెరాను ఎవరు కదిలిస్తున్నారన్నది. కెమెరా కదలకుండా ఉన్నప్పుడు వారికి తెలిసింది వీపు మీది గిలిగింత మాత్రమే. దానిని తామే అటూ ఇటూ తిప్పుతూ సాధన చేసిన తరువాత, వస్తువు తమ ఎదుట ఉన్నట్లు తోచసాగింది. ఒకసారి కెమెరా కటకాన్ని హఠాత్తుగా మార్చి చిత్రాన్ని పెద్దది చేసినప్పుడు, కూర్చున్న వ్యక్తి చేతులు పైకెత్తి వెనక్కు వాలాడు. కంపనం తగిలింది వీపుకే అయినా, వస్తువు ముందునుంచి మీదికి వస్తున్నట్లే అతనికి తోచింది.

పుట్టుకతో అంధుడైన తత్త్వశాస్త్ర విద్యార్థి జెరార్డ్ గ్వార్నియెరో ఈ పరికరంతో మూడు వారాలు శిక్షణ పొంది, తన అనుభవాన్ని 1974లో 'పర్సెప్షన్' పత్రికలో వ్యాసంగా రాశాడు. కెమెరాతో వెతకడం అలవాటైన కొద్దీ కంపనాలు వీపు మీద ఉన్నాయన్న స్పృహ తగ్గుతూ వచ్చిందని ఆయన వివరించాడు. ప్రయోగానికి విషయమైన వ్యక్తే ఆ ప్రయోగానికి వ్యాఖ్యాత కావడం వల్ల ఈ వ్యాసానికి చారిత్రక విలువ ఉంది.

4. ఒంటిమీదికి చేరిన పరికరాలు

కుర్చీకి కట్టుబడిన పరికరం నడకకు ఉపయోగపడదు. 1960వ దశకం నుంచే లెస్లీ కే అతిధ్వనితో పనిచేసే టార్చిని, కళ్లద్దాలను రూపొందించాడు. 1992లో పీటర్ మైయర్ చిత్రాన్ని శబ్దంగా మార్చే పద్ధతిని ప్రకటించాడు. అందులో ఎత్తున ఉన్న బిందువు హెచ్చు స్థాయి స్వరంగా, ప్రకాశవంతమైన బిందువు బిగ్గరగా వినిపిస్తుంది. 1998లో బాక్-ఇ-రీటా బృందం నాలుకపై 49 విద్యుత్ బిందువులతో ఆకారాలను గుర్తింపజేసింది. తరువాత అదే మార్గంలో, లోపలిచెవి దెబ్బతిని తూలిపోయేవారికి తల వాలును నాలుకపై సంకేతంగా అందించారు. సంకేతాన్ని నాలుక నడుమ నిలుపుకొనే ప్రయత్నంలో వారు నిటారుగా నిలబడటం సాధన చేశారు.

2005లో జర్మనీలోని ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో అడుగు వేశారు. నడుంపట్టీలో అమర్చిన కంపన బిందువులలో ఉత్తర దిక్కున ఉన్నది మాత్రమే ఎల్లప్పుడూ కంపిస్తుంది. నలుగురు వ్యక్తులు దానిని ఆరు వారాలు ధరించారు. వారిలో ఇద్దరు తమ స్థలానుభవమే మారిందని చెప్పగా, మిగిలిన ఇద్దరికి అంతటి మార్పు కలగలేదు. పరికరం, గడువు ఒకటే అయినా అభ్యాసఫలం అందరికీ ఒకేలా ఉండదని దీనివల్ల తెలుస్తుంది.

5. ముగింపు

ఇన్ని ఆవిష్కరణల తరువాత కూడా అంధుల చేతిలో నిలిచినది తెల్లకర్రే. అది చవక, బ్యాటరీ అక్కరలేదు. వాహనాల రాకను, మనుషుల మాటను పసిగట్టవలసిన చెవిని అది ఆక్రమించదు. 2014లో విడుదలైన ఢిల్లీ ఐఐటీ 'స్మార్ట్‌కేన్' కూడా కర్రను తొలగించలేదు. మోకాలి నుంచి తల దాకా ఎదురయ్యే అడ్డంకులను కంపనంతో తెలిపే భాగంగా కర్రకే తోడైంది.

పరికరం సంకేతాన్ని మాత్రమే ఇస్తుంది. దానికి అర్థం కల్పించేది మనిషి కదలిక, ఓపిక, సాధన. కనుక పరికరాన్ని పంచి శిక్షణను విస్మరించే పథకం సగం పనితోనే ఆగిపోతుంది. అలాగే ఈ చరిత్రలో ఆవిష్కర్తల పేర్ల పక్కన, వీపుపై కంపనాన్ని లోకంగా మలచుకొన్న అభ్యాసకుల పేర్లకూ చోటుండాలి.