చెరువు వైపు గది

హైదరాబాద్‌లో ఇల్లు పెట్టుకుని, అదే హైదరాబాద్‌లో డబ్బిచ్చి హోటల్లో పడుకోవడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. ఆ మాటకొస్తే హోటళ్లవాళ్లకూ మొన్నమొన్నటి దాకా ఈ అనుమానం ఉండేది. ఆధార్ మీద ఈ ఊరి చిరునామా కనిపిస్తే గది లేదనే లాడ్జీలకు మన నగరాల్లో ఇప్పటికీ కొదవ లేదు. బేగంపేట పెద్ద హోటళ్లలో మాత్రం సంగతి తిరగబడింది. శనివారం మధ్యాహ్నం కూకట్‌పల్లి నుంచో మలక్‌పేట నుంచో ఒక చిన్న బ్యాగుతో కుటుంబాలు దిగుతాయి. పిల్లలకు ఈతకొలను, పెద్దలకు బఫే, పై అంతస్తు దొరికితే కిటికీలో హుస్సేన్‌సాగర్. ఆదివారం పన్నెండుకల్లా మళ్లీ ఇంటికి. దీనికి స్టేకేషన్ అని పేరు. కోవిడ్ రోజుల్లో ఊరు దాటే వీల్లేనప్పుడు ఈ మాట బాగా పాకింది.

అసలు సముద్రపు ఒడ్డున హోటల్ కావాలంటే మనకున్నది విశాఖే. సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేదాకా కూర్చోవాలి. అంత తీరిక లేనివాడికి బేగంపేటే బీచ్ రోడ్డు. ఇది ఎగతాళి కాదు. ఊళ్లోనే ఇల్లు వదిలి, ఊళ్లోనే నీటి ఒడ్డునో కొండ మీదో విడిది చేయడం ఈ నగరంలో నూటముప్పై ఏళ్ల నాటి అలవాటు. కాకపోతే అప్పట్లో ఆ సరదా ప్రభువుది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది పురానీ హవేలీ. రెండంతస్తుల వార్డ్‌రోబ్ ఉన్న ఆ ఇంట్లో ఆయనకు లోటేమీ లేదు. అయినా 1880ల చివర హుస్సేన్‌సాగర్ పక్కన సైఫాబాద్‌లో ఒక కొత్త ప్యాలెస్ లేచింది. 1888 నాటిదని చెప్పే ఆ భవనాన్ని చూడడానికి నిజాం బయలుదేరితే దారిలో ఉడుము అడ్డం వచ్చిందట. అపశకునమని వెనక్కి తిరిగి, తాళం వేయించేశాడట. ప్రభువు పాతబస్తీ వదిలి వెళ్లడం ఇష్టంలేని దర్బారీలే ఆ ఉడుమును వదిలారని కూడా చెప్పుకుంటారు. ఈ కథలో ఎంత నిజమో గానీ, చెరువుగట్టు ప్యాలెస్ మాత్రం నివాసంగా నిలవలేదు. ఆఫీసులొచ్చాయి. చివరికి సచివాలయంలో ‘జి’ బ్లాకుగా, సర్వహితగా మిగిలి, 2020 జులైలో కూల్చివేతలో పోయింది. సేద తీరడానికి కట్టిన ఇంట్లో నూరేళ్లకు పైగా ఫైళ్లే కాపురం చేశాయి.

రెండో విడిది అందరికీ తెలిసిందే, ఫలక్‌నుమా. దాన్ని కట్టించింది నిజాం కాదు, ఆయన బావ సర్ వికార్ ఉల్ ఉమ్రా. ‘పైగా’ అనే వంశపు నవాబు, తర్వాత రాజ్యానికి ప్రధానమంత్రి కూడా. 1884లో పునాది పడ్డ ఆ మేడ పూర్తికావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఖర్చు నలభై లక్షల మాట వినిపిస్తుంది. అంత ఖర్చుకు నవాబు అప్పులపాలయ్యాడు. బావగారి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన నిజాం తిరుగు ప్రయాణం మాటెత్తలేదు. ఒక రోజు, ఇంకో రోజు. చుట్టం కదలకపోతే ఏం చేయాలో తెలిసిన మనిషి వికార్ ఉల్ ఉమ్రా. “ఇది మీదే” అని ఇల్లు అప్పగించాడంటారు. నిజాం సొమ్ము చెల్లించి తీసుకున్నాడనీ, దాంతో అప్పు తీరిందనీ కూడా అంటారు. నా మటుకు నాకు ఈ రెండో మాటే నమ్మబుద్ధేస్తుంది. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ పరువు నిలిచే బేరం అది. మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూసింది కూడా ఫలక్‌నుమాలోనే. 2010లో తాజ్ వాళ్లు దాన్ని హోటల్‌గా తెరిచాక ఆ విడిదికి రేటు కార్డు వచ్చింది.

ఫలక్‌నుమా చేజారాక వికార్ ఉల్ ఉమ్రా ఇల్లు కట్టుకున్నది బేగంపేటలో. పైగాలకు ఈ ప్రాంతం కొత్త కాదు. నిజాం ఇంటి ఆడపడుచు బషీరున్నిసా బేగం పైగా అమీరును పెళ్లాడినప్పుడు ఈ నేల ఆమెకు కట్నంగా వచ్చిందనీ, బేగంపేట ఆ బేగం పేరేననీ చెబుతారు. పక్కనున్న అమీర్‌పేట పేరులో ఉన్నదీ పైగా అమీరే. మూసీకి దక్షిణాన జనం, గల్లీలు. ఇటు ఖాళీ నేల, రాతిగుట్టలు, తూర్పున చెరువు మీది గాలి. మధ్యలో 1874 నుంచి సికింద్రాబాద్–వాడి రైలు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత కలిగినవాళ్లు నది అంచు వదిలి ఈ వైపు చూడడం ఇంకా పెరిగింది. స్పానిష్ మసీదు, పైగా ప్యాలెస్, 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ (ఇప్పటి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్) అన్నీ ఆ కాలపు బేగంపేటవే.

పైగా ప్యాలెస్ కథ కూడా అతిథులతోనే నడిచింది. ఒకప్పుడు నగరాభివృద్ధి సంస్థ హుడా కార్యాలయం. 2008 అక్టోబరులో అమెరికా కాన్సులేట్ వచ్చింది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు వెళ్లేదాకా ఆ పద్నాలుగేళ్లూ తెల్లవారుజాము నుంచి ఆ గేటు ముందు వీసా వరసలు. అల్లుడి దగ్గరికి, కూతురి దగ్గరికి వెళ్లాల్సిన అమ్మానాన్నలు గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చి, ముందురోజు రాత్రి ఈ చుట్టుపక్కల ఏ గదిలోనో తలదాచుకునేవారు. బేగంపేట విడిది అంటే చాలా ఇళ్లలో గుర్తుకొచ్చేది ఈతకొలను కాదు, ఆ రాత్రి.

ఇక చెరువు సంగతి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్‌షా వలీ కట్టించింది. మూసీ నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. 1920ల్లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా ఊరికి తాగునీరు ఇక్కడిదీ. కంటోన్మెంట్ దొరలకు తెరచాప పడవల సరదా ఉండేది. ఇప్పటికీ వానాకాలంలో పోటీలు జరుగుతాయి. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున నిజాం వేసవి విడిదిగా సాగర్‌మహల్ లేచింది. హుస్సేన్‌సాగర్ వైపు చూసే నౌబత్ పహాడ్ మీద హైకోర్టు జడ్జి సర్ నిజామత్ జంగ్ 1915లో హిల్‌ఫోర్ట్ కట్టుకున్నాడు. ఆయన చదివిన కేంబ్రిడ్జి కాలేజీ పోలికలు దానికి ఉన్నాయంటారు. తర్వాత అది ఏడో నిజాం రెండో కొడుకు మోజం జా నివాసం. 1955లో అదే రిట్జ్ హోటల్ అయింది. రాజకుమారుడు పడుకున్న ఇంట్లో బిల్లు కట్టినవాడెవడైనా పడుకోవచ్చన్న మాట ఈ నగరంలో గట్టిగా మొదలైంది అక్కడ, ఫలక్‌నుమా తాజ్‌కు 55 ఏళ్ల ముందు. రిట్జ్ మూతపడ్డాక ఆ భవనం ఏళ్ల తరబడి పాడుబడి ఉండిపోయింది. ఊళ్లోని చాలా వారసత్వ కట్టడాల కన్నా దీనికే ముందు మరమ్మతు జరగాల్సింది.

చెరువు చుట్టూ హోటళ్లు దట్టంగా వచ్చింది రిట్జ్ మొదలయ్యాకే. సచివాలయం ఎదురుగా జర్మనీలోని ఒక కోటను పోలిన అమృతా క్యాజిల్, కట్ట చివర వైస్రాయ్ (ఇప్పుడు మారియట్), రాజ్‌భవన్ రోడ్డులో పార్క్, బేగంపేటలో కాకతీయ, గ్రీన్‌పార్క్. ప్రభుత్వం వారి అతిథి గృహానికైతే పేరే లేక్‌వ్యూ. బేగంపేటకు ఇన్ని గదులు రావడానికి అసలు కారణం చెరువు కాదు, విమానాశ్రయం. నిజాం కాలపు ఆ విమానాశ్రయం నుంచి కారెక్కితే హోటల్ పది నిమిషాలు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ వెళ్లిపోయాయి. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు ఇక్కడ మళ్లీ విమానాల సందడి. మిగతా కాలం వారం మధ్యలో మీటింగులకొచ్చేవాళ్లు సరే, శని, ఆదివారాలు గదులు నింపేదెవరు? నన్నడిగితే స్టేకేషన్‌కు కోవిడ్ పేరు తెచ్చింది గానీ, అవసరం తెచ్చింది శంషాబాదే.

ఆ కిటికీలోంచి కనిపించనిది ఒకటుంది. హుస్సేన్‌సాగర్‌లోకి బాలానగర్, జీడిమెట్ల ఫ్యాక్టరీల మురుగును దశాబ్దాలుగా మోసుకొచ్చిన కూకట్‌పల్లి నాలా వెళ్లేది బేగంపేట మీదుగానే. 2000 ఆగస్టు 24న బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. బ్రాహ్మణవాడి వంటి కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. 2020 అక్టోబరు 13న మళ్లీ 19 సెంటీమీటర్లు. ఒకే పేటలో కొందరు నీటి ఒడ్డున ఉండడానికి డబ్బు కడతారు, నాలా పక్కవాళ్లు వాన ముసురుకోగానే బియ్యం బస్తా అటక మీదికి చేరుస్తారు. ఇదే బేగంపేటలోని ఆసుపత్రిలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. చెరువు వైపు గదుల కిటికీలు చాలాచోట్ల తెరుచుకోకుండా బిగించి ఉండడానికి ఆయన్ని తప్పుపట్టలేం.

వెళ్లదలుచుకున్నవారికి నాలుగు మాటలు. గది అద్దె రోజుకు రూ.7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, ఆ లోపు బాగా తక్కువ. బుక్ చేసేముందు పన్నుతో కలిపి ఎంతో అడగండి. ‘లేక్‌వ్యూ’ అంటే ఏ అంతస్తు నుంచో కూడా అడగండి, కింది అంతస్తుల్లో ఫ్లైఓవరే వ్యూ. ఎండాకాలంలో నీరు పచ్చగా మారి వాసనేస్తుంది, జులై, ఆగస్టు నయం. అనంత చతుర్దశికి మాత్రం వద్దు. నిమజ్జనం పై నుంచి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కాదనను. కానీ ఆ రోజు కట్ట చుట్టూ రోడ్లు మూసేస్తారు. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ ఇంటికి చేరడానికి విశాఖ వెళ్లొచ్చినంత సేపు పడుతుంది.