వాము పువ్వు నేర్పిన పాఠం

మన చిన్నతనంలో నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం తెల్లవారగానే ఆముదం పట్టించేవారు. మింగనంటే ముక్కు మూసి మరీ పోసేవారు. ఆ రుచి మన తరం వారెవరూ మరచి ఉండరు. 'కడుపులో పురుగులు పోతాయిరా' అని పెద్దలు సముదాయించేవారు. ఆ పురుగుల వెనుక ఎంత చరిత్ర ఉందో నాకు ఉద్యోగ విరమణ తర్వాత గాని తెలియలేదు.

వంద సంవత్సరాల క్రితం అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో ముఖాలు పాలిపోయి, పనిచేసే ఓపిక లేని జనం ఎక్కువగా ఉండేవారు. ఇతర ప్రాంతాలవారు వాళ్లను సోమరిపోతులని ఆడిపోసుకొనేవారు. అది సోమరితనం కాదని, కొంకిపురుగు వ్యాధి అని 1902లో ఛార్లెస్ స్టైల్స్ అనే జంతుశాస్త్రవేత్త చెబితే, పత్రికలు 'సోమరితనపు క్రిమి దొరికిందట' అని నవ్వాయి.

కొంకిపురుగు పేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తుంది. దాని గుడ్లు మలంతో పాటు నేలమీద పడి, తడిమట్టిలో పిల్లలవుతాయి. అవి చెప్పులు లేని పాదాల చర్మం గుండా మళ్లీ మనిషిలో దూరతాయి.

1909లో రాక్‌ఫెల్లర్ ఇచ్చిన 10 లక్షల డాలర్లతో ఒక కమిషన్ ఏర్పడింది. 11 రాష్ట్రాల్లో బడిపిల్లలను పరీక్షిస్తే నూటికి 40 మందిలో ఈ పురుగు కనబడింది. అప్పటి మందు థైమాల్. అది మరేదో కాదు, మనం వాము పువ్వు అనేదే! ఆ రోజుల్లో మన దేశపు వామే జర్మనీకి ఎగుమతై అక్కడ థైమాల్‌గా మారేది. ఊరూరా ఉచిత శిబిరాలు పెట్టి, 1914 చివరికి సుమారు 7 లక్షల మందికి వైద్యం చేశారు. పురుగు బెడద ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో పిల్లలు బడికి రావడం, చదవడం పెరిగిందని హాయిట్ బ్లీక్లీ అనే ఆర్థికవేత్త ఆనాటి లెక్కలు తిరగేసి 2007లో నిరూపించారు.

కాని పురుగు సమూలంగా పోలేదు. మందు మింగిన పిల్లవాడు మళ్లీ అదే మట్టిలో వట్టికాళ్లతో తిరిగాడు. చాలా ఇళ్లకు మరుగుదొడ్డి లేదు. మందు కడుపును శుభ్రం చేస్తుంది గాని, నేలను శుభ్రం చేయదు కదా! 1920లలో రాక్‌ఫెల్లర్ సంస్థ వారు మద్రాసు ప్రెసిడెన్సీలో ఇదే పని చేపట్టారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

మన దేశంలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, మరుసటి ఏడు దేశమంతటా విస్తరించింది. 1 నుండి 19 ఏళ్ల వారికి బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. ఆముదంతో, వాము పువ్వుతో పోలిస్తే ఎంత సులువు! అయినా పాఠం మాత్రం పాతదే. కొంకిపురుగు కాళ్లగుండా వస్తే, ఏలికపాము గుడ్లు మురికి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా నోట్లోకి చేరతాయి.

నేను ఉపాధ్యాయుడిగా పనిచేసిన రోజుల్లో వెనుక బెంచీలో కునికిపాట్లు పడే పిల్లవాణ్ణి సోమరి అని బెంచీ ఎక్కించిన సందర్భాలున్నాయి. వాడి పాదాలకు చెప్పులున్నాయా అని ఒక్కసారీ చూడలేదు. ఆ పిల్లలకు ఇప్పుడు క్షమాపణ చెప్పుకోలేను గదా!

కనుక సభ్యులకు నా మనవి: మన మనుమలు, మనుమరాండ్రు మాత్ర ఇచ్చే రోజున బడి మానకుండా చూద్దాం. గోళ్లు తీయడం, సబ్బుతో చేతులు కడిగించడం, చెప్పులు తొడిగించడం మనం చేయగల పనులే. వాటికి పింఛను సరిపోదనే బెంగ లేదు. మన పనిమనిషి పిల్లలకూ ఒక చెప్పుల జత కొనిపెడితే మరీ మంచిది.