విల్లు మనది, తూటా వాళ్ళది

గోదావరికి ఇటు పాల్వంచ అడవులు నిజాం ఏలుబడిలో ఉండేవి. అటు భద్రాచలం తాలూకాను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు. ఒడ్డుకొక పాలకుడు ఉన్నా, రెండు ఒడ్డులా మన కోయల, కొండరెడ్ల చేతిలో ఉన్న ఆయుధం విల్లే. దొరలు, నవాబులు వేటకు తెచ్చింది తుపాకీ. ఈ రెండింటి కథ పక్కపక్కన పెట్టి చూస్తే మన తాతల చరిత్ర కొంత అర్థమవుతుంది.

విల్లుకు కావలసినవన్నీ మన అడవిలోనే ఉన్నాయి. లేత వెదురు పనికిరాదు. ముదిరినది కొట్టి, నీడన ఆరబెట్టి, చేతికి తగినట్టు చెక్కాలి. బాణానికి ఇనుప ములికిని ఊరి కమ్మరి కొడతాడు. పని అయ్యాక నారి విప్పాలి. ఎక్కుపెట్టిన విల్లును అలాగే ఉంచితే వంపు నిలిచిపోయి బలం పోతుంది. పుచ్చు పట్టకుండా పొయ్యి పొగ తగిలే చోట పెట్టాలి. విజ్జ పండుం నాడు మగవాళ్ళు వేటకు కదిలారంటే, ఆ విల్లు ముందే సిద్ధమై ఉండాలి.

దొరల సరంజామా వేరు. లండన్ తుపాకీ కంపెనీల దగ్గర జోడు గొట్టాల రైఫిల్ కొనుక్కుని ఓడ ఎక్కేవారు. డేరాలు, దోమతెరలు, గొట్టం తుడిచే కడ్డీలు, నూనె డబ్బాలు వెంట వచ్చేవి. తూటా వెనుక పేలే మందు గొట్టంలో ఉప్పు వదులుతుంది. మన వానాకాలపు తేమ తగిలితే అది ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. అందుకే కాల్చిన రోజే మరిగే నీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పూయాలి. దొర మంచె మీద కూర్చుంటే, మృగం జాడ చూసేదీ, డప్పులు కొట్టి దాన్ని తోలేదీ అడవి జనమే. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర పులివేట ఆడాడు. చచ్చిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫొటో నేటికీ ప్రసిద్ధం. ఆ పులిని తోలినవాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు.

ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉండాలో సర్కారే తేల్చింది. 1878 ఆయుధ చట్టం 'ఆయుధాలు' అన్న మాట కింద తుపాకులతో పాటు విల్లంబులను కూడా చేర్చింది. మరుసటి ఏడాదే రంప పితూరీ లేచి, భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో వేటకు, ఉచ్చులకు ఆంక్షలు వచ్చాయి. దొరల తుపాకుల మీద కూడా ఆ భయం పనిచేసింది. తిరగబడేవాళ్ళ పాత తుపాకులకు పనికొస్తాయని 1907 ప్రాంతంలో .450 కాలిబర్ తూటాలు ఇండియాకు రాకుండా ఆపారు. దాంతో లండన్ కంపెనీలు కొత్త కొలతల రైఫిళ్ళు తయారు చేశాయి.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడి తుపాకులు, తూటాలు తీసుకుంది. గాం గంటందొర, మల్లుదొర లాంటి మన్యం వీరులు అందులో ఉన్నారు. కానీ తూటా అడవిలో మొలవదు. అయిపోతే మళ్ళీ శత్రువు కొట్టుకే పోవాలి. విరిగిన బాణానికి బదులు మరో బాణం ఇంటి దగ్గరే తయారవుతుంది. చేత్తో చేసుకోగల ఆయుధానికీ, ఒకడు అమ్మితేనే దొరికే ఆయుధానికీ తేడా ఇదే.

యువ మిత్రులారా, ఇప్పుడు వేట మన దారి కాదు. 1970లో పులివేట ఆగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో కిన్నెరసాని అభయారణ్యం అయింది. పంది కోసం పరిచే కరెంటు తీగ వేట కాదు. అది మృగాన్నీ చూడదు, మనిషినీ చూడదు. దాని మీద కాలు పడేది మన అన్నదో తమ్ముడిదో కావచ్చు. దాన్ని మన సంప్రదాయం అనొద్దు.

విల్లును మాత్రం వదలొద్దు. రాజస్థాన్ గిరిజన యువకుడు లింబారామ్ అడవి విల్లుతో మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు. మన ఊళ్ళలో వెదురు ఎంచడం, నారి కట్టడం, ములికి బిగించడం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఈ ఏడు పండుగలోపు వాళ్ళ దగ్గర కూర్చుని ఒక విల్లు చేయడం నేర్చుకుందాం. దాని భాగాలకు కోయ భాషలో ఉన్న పేర్లన్నీ రాసి పెట్టుకుందాం.