ది ఫాంటమ్ టోల్‌బూత్ - పదజాల అభ్యాసం

ది ఫాంటమ్ టోల్‌బూత్ అమెరికా రచయిత నార్టన్ జస్టర్ రచించిన ఆంగ్ల బాలల నవల. జూల్స్ ఫైఫర్ గీసిన చిత్రాలతో 1961లో వెలువడినది. కాల్పనిక సాహసగాథ అయిన ఈ నవలలోని ఊళ్ళు, మనుషులు, జంతువులు చాలావరకు ఆంగ్ల పదాల నుండి, జాతీయాల నుండి పుట్టినవే. అందువలన ఆంగ్ల పదజాలాన్ని పెంచుకోగోరే విద్యార్థులకు ఇది మంచి పఠనీయ గ్రంథం. నవలలో పదాలు ఏ విధంగా పరిచయమవుతాయో, వాటిని ఎలా నేర్చుకోవచ్చునో, ఎక్కడ పొరబడే అవకాశం ఉన్నదో ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

జస్టర్ (1929-2021) వృత్తిరీత్యా వాస్తుశిల్పి. నగరాల గురించి పిల్లలకొక పుస్తకం వ్రాయడానికి ఫోర్డ్ ఫౌండేషన్ అతనికి 5,000 డాలర్ల సహాయం అందించింది. ఆ పని భారమనిపించి, విరామం కోసం మొదలుపెట్టిన కథ ఈ నవలగా రూపొందినది. జస్టర్ తండ్రికి శ్లేషలంటే ఇష్టం. ఆ ఇష్టమే కొడుకుకూ అబ్బింది.

ఆ కాలంలో అమెరికాలో చిన్న పిల్లల వాచకాలను పరిమితమైన పదాలతో వ్రాసే పద్ధతి ఉండేది. 1957లో వచ్చిన డాక్టర్ స్యూస్ పుస్తకం ది క్యాట్ ఇన్ ది హ్యాట్‌లో ఉన్నవి 236 వేర్వేరు పదాలు మాత్రమే. 1960లో అతడే వ్రాసిన గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్‌లో ఆ సంఖ్య 50కి తగ్గినది. అప్పుడే చదవడం మొదలుపెట్టిన పిల్లలకు ఈ పద్ధతి అనుకూలమే. కాని కొంత పెద్ద పిల్లల పుస్తకాలలో సైతం తెలియని పదం కనిపించరాదా అన్నది వివాదాంశం. తన నవలలోని పదజాలం మరీ కష్టమని, ఇది పిల్లల పుస్తకమే కాదని పలువురు అన్నట్లు జస్టర్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. పిల్లలకు కష్టమైన పదం అంటూ ఉండదని, వారికింకా ఎదురుపడని పదం మాత్రమే ఉంటుందని అతని అభిప్రాయం.

కథా సంగ్రహం

మైలో అనే బాలునికి దేనిమీదా ఆసక్తి ఉండదు. ఒకనాడు అతని గదిలో ఒక సుంకపు గేటు ప్రత్యక్షమవుతుంది. తన చిన్న కారులో దానిని దాటి వింత దేశంలో ప్రవేశిస్తాడు. అక్కడ పదాలు గొప్పవా, అంకెలు గొప్పవా అని అన్నదమ్ములైన ఇద్దరు రాజులు కలహించుకొంటారు. రెండూ సమానమేనని తీర్పు చెప్పిన రైమ్, రీజన్ అనే రాకుమార్తెలను దేశం నుండి వెళ్ళగొడతారు. వారిని తిరిగి తీసుకురావడమే మైలో చేపట్టిన కార్యం. టాక్ అనే గడియారపు కుక్క, హంబగ్ అనే గొప్పలు చెప్పే పురుగు అతనికి తోడుగా వెళ్తాయి.

నవలలోని పదజాలం

నవలలో పదాలు ప్రధానంగా నాలుగు విధాలుగా పరిచయమవుతాయి.

* స్థలాల రూపంలో: డోల్డ్రమ్స్ అనేది భూమధ్యరేఖ వద్ద గాలి వీచక తెరచాప ఓడలు నిలిచిపోయే సముద్ర ప్రాంతం. నిరుత్సాహం అనే అర్థంలో కూడా వాడతారు. నవలలో అది ఆలోచించడం మానినవారు చిక్కుకుపోయే చోటు. అక్కడి నివాసులైన లెథార్జేరియన్ల పేరు మాంద్యం అనే అర్థం గల లెథర్జీ నుండి వచ్చినది. మైలో ఆలోచించడం మొదలుపెట్టిన తరువాతనే కారు కదులుతుంది.

* పదాల కలయికగా: డిక్షనరీకి నగరం అనే అర్థం గల గ్రీకు పదం పోలిస్ చేర్చగా డిక్షనోపోలిస్ ఏర్పడినది. అంకెల నగరం డిజిటోపోలిస్. అక్కడ ఎదురయ్యే డోడెకాహెడ్రన్‌కు పన్నెండు ముఖాలు. గ్రీకులో డోడెకా అంటే పన్నెండు. ఒక్క మూలపదం తెలిస్తే దానినుండి పుట్టిన అనేక పదాలు సులభంగా అర్థమవుతాయి.

* పర్యాయపదాలుగా: పదాల రాజైన అజాజ్‌కు ఐదుగురు మంత్రులు. ఒకరు చెప్పిన మాటనే మిగిలిన నలుగురు వేర్వేరు పదాలతో తిరిగి చెబుతారు. నిఘంటువు తెరవకుండానే పాఠకునికి ఒక అర్థం గల ఐదు పదాలు ఒకేచోట దొరుకుతాయి.

* జాతీయాలుగా: తొందరపడి నిర్ణయానికి రావడాన్ని ఆంగ్లంలో నిర్ణయాలలోకి దూకడం అంటారు. నవలలో కన్‌క్లూజన్స్ ఒక ద్వీపం. దానిని చేరడానికి దూకితే చాలు, తిరిగి రావడానికి మాత్రం జ్ఞాన సముద్రాన్ని ఈదాలి. అన్న మాటను వెనక్కు తీసుకోవడాన్ని ఆంగ్లంలో మాటలు తినడం అంటారు. రాజు విందులో అతిథులు తమ ప్రసంగంలోని మాటలనే భోజనంగా తినవలసి వస్తుంది.

శ్లేషకు మంచి ఉదాహరణ షార్ట్ ష్రిఫ్ట్ అనే పొట్టి పోలీసు. ఆ పేరుకు తగిన విచారణ లేకుండా తేల్చివేయడం అనే అర్థం కూడా ఉన్నది. సెంటెన్స్ అనే పదానికి వాక్యం, శిక్ష అని రెండు అర్థాలు. పొడుగు సెంటెన్స్ కావాలా, పొట్టిది కావాలా అని అడిగిన ఆ పోలీసు, పొట్టిది కోరిన మైలోకు రెండు పదాల వాక్యం ఒకటి చెప్పి, తరువాత అరవై లక్షల సంవత్సరాల జైలుశిక్ష వేస్తాడు.

నేర్చుకొనే విధానం

సహజ పఠనంలో ఎదురయ్యే కొత్త పదాలలో సగటున 15 శాతం మాత్రమే అప్రయత్నంగా అబ్బుతాయని స్వాన్‌బోర్న్, డి గ్లోపర్ 1999లో పూర్వ పరిశోధనలను క్రోడీకరించి తేల్చారు. సందర్భాలన్నీ ఒకేలా ఉపకరించవని, కొన్ని తప్పు అర్థం వైపు కూడా నడిపిస్తాయని బెక్, మెక్‌కోవెన్, మెక్‌కాస్లిన్ 1983లో చూపారు. కావున నవలను ఒకసారి చదివి వదిలివేయడం చాలదు. ఈ క్రమం ఉపయోగకరం:

# మొదట కథ ఆగకుండా అధ్యాయం పూర్తిగా చదివి, తెలియని పదాలను గుర్తుపెట్టుకోవాలి.
# సందర్భాన్నిబట్టి అర్థాన్ని ఊహించి వ్రాసుకోవాలి.
# నిఘంటువు చూసి, ఊహ సరియైనదో కాదో పరిశీలించాలి.
# అదే పదాన్ని కథతో సంబంధం లేని సొంత వాక్యంలో వాడాలి.
# కొన్నాళ్ళ తరువాత ఆ పదాలను మరల చూడాలి.

పరిమితులు

జాతీయం ముందుగా తెలిసినవారికే శ్లేష పూర్తిగా బోధపడుతుంది. ఆంగ్లం రెండవ భాషగా నేర్చుకొనే తెలుగు విద్యార్థి ద్వీపంలోకి దూకడాన్ని కేవలం ఒక సంఘటనగా చదివి వెళ్ళిపోవచ్చు. అటువంటి చోట ఉపాధ్యాయుని వివరణ అవసరం.

అక్షరక్రమం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రచయిత కొన్ని పేర్లను కావాలనే మార్చి వ్రాశాడు. శబ్దాల వైద్యుడు కాకోఫోనస్ డిస్‌కార్డ్ పేరులో మొదటిపదం కె అక్షరంతో మొదలవుతుంది. అసలు పదం సి తో మొదలవుతుంది. రెండవ పదంలో హెచ్ అదనంగా చేరినది. వెదర్ మ్యాన్ అనే పాత్ర పేరులోని వెదర్‌కు అర్థం వాతావరణం కాదు, అవునా కాదా అనే సందేహం. రెండింటి ఉచ్చారణ దాదాపు ఒకటే, అక్షరక్రమం వేరు. స్పెల్లింగ్ బీ పోటీలకు సిద్ధమయ్యేవారు ఇటువంటి పేర్లను సరియైన రూపాలుగా గుర్తుంచుకొంటే నష్టపోతారు. ఆ పోటీ పేరే నవలలో ఒక తేనెటీగ అయినది.

ప్రాముఖ్యత

నవలలో చెరసాలలో ఉన్న ఫెయింట్లీ మకాబర్ అనే వృద్ధురాలి కథ ఈ విషయానికి కీలకమైనది. ఏ సందర్భానికి ఏ పదం వాడాలో ఎంపిక చేయడం ఒకప్పుడు ఆమె ఉద్యోగం. క్రమంగా లోభించి, పదాలను తనవద్దనే దాచుకొని, తక్కువ మాట్లాడమని ప్రజలను ఆదేశిస్తుంది. చివరకు మాట్లాడేవారు లేక సంత మూతపడుతుంది, రాజు ఆమెను బంధిస్తాడు. పదాల పొదుపు మితిమీరితే మాటే కరువవుతుందని ఈ కథ సూచిస్తుంది. ప్రయాణానికి బయలుదేరే మైలోకు రాజు ఇచ్చే కానుక కూడా ఒక చిన్న పెట్టెలో అమర్చిన పదాలే.

చక్ జోన్స్ దర్శకత్వంలో ఈ నవల ఆధారంగా నిర్మించిన యానిమేషన్ చిత్రం 1970లో విడుదలైనది.

ఇవి కూడా చూడండి

* శ్లేష
* పర్యాయపదము
* జాతీయము
* నిఘంటువు